నెగెటివ్ వచ్చాక కూడా...

'నెగెటివ్ వచ్చింది, ఇంకేం భయం లేదు!'

2020లో తెలుగునాట ఎన్నో ఇళ్లలో వినిపించిన మాట. రిపోర్టు చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. కోలుకున్నవారిలో కొందరికి మాత్రం నిద్ర పట్టేది కాదు. చిన్న దగ్గు వచ్చినా గుండె దడే. పలకరించే పక్కింటివాళ్లు తలుపేసుకున్నారు. పాలబ్బాయి గేటు బయటే ఆగిపోయాడు. కరోనా రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించడం అప్పట్లో చూసిందే. అధికారుల ప్రత్యేక ఆదేశం లేనిదే అలా చేయొద్దని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది!

ఈ బాధ ఎన్నాళ్లుంటుంది? హాంకాంగ్‌ వైద్యులకు ఆ సంగతి అంతకుముందే తెలుసు. 2003లో అక్కడ 1,755 మందికి సార్స్ సోకింది. 299 మంది చనిపోయారు. బతికి బయటపడ్డవారిని వైద్యులు ఆ తర్వాతా వదిలేయలేదు. ముప్ఫై నెలల తర్వాత 90 మందిని పరీక్షిస్తే, నలుగురిలో ఒకరు ఇంకా ఆ రోజుల్లోనే ఉన్నారు. పీడకలలు, ఉలికిపాటు, ఆసుపత్రి ఊసెత్తితే వణుకు... వైద్యులు పీటీఎస్‌డీ అనేది దీన్నే. నాలుగేళ్లకు 233 మందిపై జరిగిన మరో అధ్యయనంలో నూటికి నలభై మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. నలభై శాతం మందిని నీరసం వదల్లేదు.

ఎవరికి ముప్పు ఎక్కువ? రోగులకు సేవ చేస్తూ జబ్బు తెచ్చుకున్న వైద్య సిబ్బందికి. ఉద్యోగం లేనివారికి. జనం తమను వెలేసినట్టు చూస్తున్నారని అనుకున్నవారికి. అంటే, మిగిలిపోయిన బాధలో చుట్టుపక్కలవారి వాటా కూడా ఉందన్నమాట.

అక్కడి అమాయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో 300 మందికి పైగా సార్స్ బారిన పడ్డారు. ఇక ఆ చిరునామాయే నేరమైంది. జబ్బు సోకనివారికి సైతం ఆఫీసుల్లో, అయినవారి దగ్గరా చీదరింపులు తప్పలేదు.

అందుకే, కోలుకున్న మనిషితో 'అయిపోయిందిగా, ఇంకా ఎందుకు ఆలోచిస్తావ్?' అనకండి. చెప్పుకోనివ్వండి. అందరితో కలిపి భోజనానికి కూర్చోబెట్టండి. నిద్రలేమి, దిగులు వారాల తరబడి వదలకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. ఎవరికి చెప్పుకోవాలో తెలియనివారు 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు ఇది. ఉచితం. తెలుగులోనూ మాట్లాడొచ్చు.