తెర మీది కిటికీలు, చేతి కింది మీటలు

కంప్యూటరు తెరపై ఒక్కో ప్రోగ్రాము తన పనిని చూపే గడిని విండో, అంటే కిటికీ, అంటారు. ఈ కిటికీలు ఒకదానినొకటి కప్పుకోవాలా, గచ్చు మీద పరచిన పలకల్లా పక్కపక్కనే ఒదగాలా అన్నది పాత వివాదమే. 1985లో విడుదలైన విండోస్ తొలి రూపంలో ప్రోగ్రాముల కిటికీలు పలకల్లా నిలిచేవే తప్ప ఒకదానిపై ఒకటి ఎక్కేవి కావు. 1987 నాటి రెండవ రూపంలో వాటికి ఆ వీలు కలిగి, కాగితాలు చెల్లాచెదరుగా పడిన బల్ల వంటి తెరే క్రమంగా అందరికీ అలవాటైంది. అయితే విండోస్ మీటతో పాటు ఎడమ లేదా కుడి బాణపు మీట నొక్కగానే కిటికీ సగం తెరకు సర్దుకునే ఏర్పాటును 2009లో విండోస్ 7 తేవడం చూస్తే, విడిచిపెట్టిన పద్ధతి మరీ అంత పనికిమాలినదేమీ కాదనిపిస్తుంది.

ఈ సర్దుబాటును నిజంగా వాడుకరి చేతికి అప్పగించినది యునిక్స్, లినక్స్ లోకం. ఎంఐటీలో 1984లో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థ తెరపై బొమ్మ గీసే పనిని తన వద్దే ఉంచుకొని, కిటికీల చోటునూ కొలతనూ నిర్ణయించే పనిని విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాముకు వదిలిపెట్టింది కనుక, మిగతా వ్యవస్థను కదపకుండానే ఆ ఒక్క ప్రోగ్రామును మార్చుకోవచ్చు.

2009లో వెలువడిన ఐ3 అటువంటి మేనేజర్లలో ఒకటి. కొత్త కిటికీ తెరుచుకోగానే ఉన్నవాటిని జరిపి అది చోటు కల్పిస్తుంది. దాని షార్ట్‌కట్‌లు, అంటే ఒక పనికి గుర్తుగా కలిపి నొక్కే మీటలు, సాదా అక్షరాల ఫైలులో వరుసకొకటిగా ఉంటాయి కనుక ఎవరికి తోచినట్లు వారు మార్చుకోవచ్చు. ఆ షార్ట్‌కట్‌లలో దాదాపు అన్నిటికీ ఆల్ట్ గాని విండోస్ గుర్తున్న మీట గాని ఒక్కటే తోడుమీటగా ఉండడానికి గట్టి కారణమే ఉంది: మేనేజరు తనదిగా ప్రకటించుకున్న మీటల కలయిక కింది ప్రోగ్రాములకు చేరదు కనుక, కంట్రోల్‌తో ఎస్ నొక్కడాన్ని కిటికీ మూసే పనికి కేటాయించినవారు ఆ మీటలతో ఇక ఏ ప్రోగ్రాములోనూ ఫైలు భద్రపరచలేరు. విండోస్ గుర్తు మీటను సాధారణ ప్రోగ్రాములు అంతగా వాడుకోవు కాబట్టి దానినే తోడుమీటగా ఎంచుకోవడం మేలు.

తెలుగులో టైపు చేసేవారికి మరొక చిక్కు ఉంది. ఐ3లో ప్రోగ్రాములను పేరుతో పిలిచే షార్ట్‌కట్ మొదట్లో తోడుమీటతో పాటు ఇంగ్లీషు డి మీదే ఉంటుంది గాని, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరికకు మారగానే అదే మీట పొల్లు గుర్తు అవుతుంది. ఫైలులో బైండ్‌సిమ్ అన్న మాటతో రాసిన షార్ట్‌కట్ మీట ఇచ్చే అక్షరానికి, బైండ్‌కోడ్ అన్న మాటతో రాసినది మీట ఉన్న స్థానపు సంఖ్యకు కట్టుబడి ఉంటాయి. భాషలు తరచు మార్చేవారు, మీటల చోట్లు మారకూడదనుకుంటే, రెండవదానితోనే రాసుకోవాలి.