మేజోళ్ళు లేని కాళ్ళు
— తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మొదటి సంవత్సరంలో టెస్టు పేపర్లు పంచుతూ ఒక లెక్చరర్ గారు నా దగ్గర ఆగి "పుల్ అప్ యువర్ సాక్స్" అన్నారు. నేను వంగి కాళ్ళకేసి చూసుకున్నాను. రబ్బరు చెప్పులే గాని మేజోళ్ళు లేవు. "ఐ హావ్ నో సాక్స్ సార్" అన్నాను వినయంగా. క్లాసంతా గొల్లుమంది. "ఇకనైనా ఒళ్ళు వంచి చదువు" అని ఆయన చెప్పిన మాటకు నేనిచ్చిన జవాబు అది! ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. పుల్ తెలుసు, అప్ తెలుసు, సాక్స్ తెలుసు. అన్నీ కలిస్తేనే తెలియదు. ఆ రోజు మొదలు సంక్రాంతి దాకా క్లాసులో నోరు విప్పితే ఒట్టు. అర్థంగాని పాఠాలు అర్థంగాకుండానే ఉండిపోయాయి.

పండక్కి ఊరికి పోయి, ఈ చదువు నావల్ల గాదని అమ్మతో అంటుంటే నాయన విన్నాడు. "ఏమిరా, అప్పుడే కాడి పారేస్తివా?" అన్నాడు. కాడి ఎక్కడుందని నేను వెతుక్కోలేదు. నడి చేలో కాడి దించేసి నిలబడ్డ ఎద్దును చూసినవాడికి ఆ మాట విప్పి చెప్పనక్కరలేదు. కాని అదే మాటను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే దొరవారు కూడా నాలాగే వంగి చూసుకుంటారు గదా! అంటే, వాళ్ళ జాతీయాలు కూడా వాళ్ళ చేలల్లోంచీ, వాళ్ళ పనిపాటల్లోంచీ వచ్చినవే అయివుండాలి.

అప్పటినుంచీ ఏదైనా జాతీయం ఎదురుపడితే అర్థం బట్టీ వేయడం మానేశాను. ఇది ఏ పనివాడి నోట పుట్టిందీ అని చూస్తాను.

ఉదాహరణకు "మేక్ హే వైల్ ద సన్ షైన్స్". దీనికి "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి" అని గైడ్లలో వ్రాస్తారు. తప్పు కాదు. కాని ఎండ కాస్తుండగా పని చేసుకోమనడం ఏమిటి, మనకు ఎండకేం కరువు? కరువు అక్కడే ఉంది. ఇంగ్లండులో వేసవిలో పచ్చిగడ్డి కోసి, పొలంలోనే పరచి ఎండబెడతారు. చలికాలమంతా పశువులకు అదే మేత. మధ్యలో వాన పడిందా, గడ్డి మురిగిపోతుంది. కాబట్టి ఎండ కనబడితే ఆ రైతు పరుగెత్తాల్సిందే. మన రైతు పరుగెత్తేది ఎండ కోసం కాదు, గాలి కోసం. "గాలి ఉండగానే తూర్పారబట్టుకో" అంటారు మా ఊళ్ళో. కళ్ళంలో చేటెత్తి నిలబడి గాలికోసం ఎదురుచూసినవాళ్ళకు తెలుస్తుంది ఆ బాధ. నా లెక్కన దొరగారి సామెతకు సరిజోడు దీపం కాదు, ఈ గాలే.

ఇంగ్లీషువాళ్ళు రైతులే కాదు, ఓడలవాళ్ళు కూడా. బ్రిటిష్ నౌకాదళంలో యుద్ధనౌకలను తరగతులుగా విభజించేవారు. వందా, ఆపైన ఫిరంగులున్నది "ఫస్ట్ రేట్". 1805లో ట్రఫాల్గర్ వద్ద నెల్సన్ ఎక్కిన విక్టరీ ఈ తరగతిదే. మనం ఇప్పుడు కాంటీన్ దోసెను కూడా ఫస్ట్‌రేట్ అంటున్నాం (మన కాంటీన్‌ది కాదు లెండి). గాలి హఠాత్తుగా ఎదురు తిరిగి తెరచాపలను వెనక్కి, స్తంభానికేసి నొక్కితే ఓడ ఉన్నచోటనే నిలిచిపోతుంది. మనిషి అలా నివ్వెరపోతే "టేకెన్ అబాక్".

సైన్సు విద్యార్థులకు "ఆసిడ్ టెస్ట్" సొంత చుట్టం. బంగారమన్నదాన్ని రాతిమీద గీసి నత్రికామ్లం చుక్క వేస్తే, రాగీ ఇత్తడీ అయితే కరిగిపోతాయి, బంగారమైతే గీత నిలుస్తుంది. ఆ కంసాలి కొట్టులోంచి ఇంగ్లీషువాడు ఆమ్లాన్ని తీసుకున్నాడు, మనం గీటురాయిని తీసుకున్నాం!

స్లాంగు సంగతి వేరు. అది ఊరూరికీ మారుతుంది, త్వరగా పాతబడుతుంది. ఎప్పటివో సినిమాలు చూసి నేర్చుకున్న ముక్క ఈనాటి కుర్రాడితో అంటే నవ్వుతాడు. మనవాళ్ళు "ఐ పాస్‌డ్ అవుట్ లాస్ట్ ఇయర్" అంటే డిగ్రీ పూర్తయిందని. అమెరికావాడు మాత్రం పాపం స్పృహ తప్పి పడిపోయాడనుకుంటాడు. మన యూనియన్ సమావేశాల్లో వినబడే "టేబుల్" అనే మాట కూడా అంతే. తీర్మానాన్ని టేబుల్ చేయడమంటే ఇంగ్లండులో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఒక్క మాటమీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు వాదించుకున్నారని చర్చిల్ వ్రాశారు. కాబట్టి విన్న ప్రతి ముక్కా వాడేయాలని చూడకండి. అర్థం చేసుకోవడానికి తొందరపడండి, వాడడానికి తొందర లేదు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చింది చెబుతాను. ఇంగ్లీషులో "బాండికూట్" అనే మాట ఉంది. అది మన పందికొక్కే! యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన "హాబ్సన్-జాబ్సన్" నిఘంటువు (1886) అది తెలుగు మాటేనని చెబుతుంది. ఈ పేరును ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాకు మోసుకుపోయి, అక్కడ పొట్టకు సంచీ ఉండే వేరే జంతువుకు తగిలించారు. అక్కడితో ఆగలేదు. మొక్క పైకి చెక్కుచెదరకుండా అడుగున చేయిపెట్టి బంగాళదుంపలు దొంగిలించడాన్ని అక్కడి వాడుకలో "బాండికూట్" చేయడం అంటారు. మా వేరుశనగ చేలో కూడా అంతే. పైన చెట్టు పచ్చగా ఉంటుంది, పీకితే కింద కాయ ఉండదు.

మొన్న సెలవుల్లో ఈ కథంతా నాయనకు చెప్పాను. ఆయన నిఘంటువును పట్టించుకోలేదు. "ఆడికి గూడా పోయిందా, ముదనష్టపుది!" అన్నాడు.