Lord Lieutenant: ఒకప్పుడు సైన్యమే ఆయన చేతిలో.. ఇప్పుడు నడుముకు కత్తి ఒక్కటే! ఎవరీ లార్డ్ లెఫ్టినెంట్లు?

బ్రిటన్ పౌరసత్వం తీసుకునే మనవాళ్లకు చివర్లో ఓ వేడుక ఉంటుంది. రాజుకు విధేయంగా ఉంటామని ప్రమాణం చేశాకే సర్టిఫికెట్ చేతికొస్తుంది. 2004 నుంచి నడుస్తున్న ఈ వేడుకలకు రాజు స్వయంగా రారు. ఆయన తరఫున సాధారణంగా ఆ కౌంటీ లార్డ్ లెఫ్టినెంట్ గానీ, ఆయన డిప్యూటీ గానీ వస్తారు. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. మరి ఎవరీ లార్డ్ లెఫ్టినెంట్? ఆయనకున్న అధికారాలేంటి? ఇంగ్లండ్ నడిబొడ్డున ఉన్న లెస్టర్‌షైర్ కథ చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మొదలైంది యుద్ధం కోసమే

ఈ పదవి పుట్టింది 1540ల్లో, ఎనిమిదో హెన్రీ కాలంలో. అప్పట్లో ఇంగ్లండ్‌కు శాశ్వత సైన్యం లేదు. యుద్ధం వస్తే ఊళ్లలోని మగవాళ్లనే పోగుచేసి, ఆయుధాలిచ్చి నడిపించాలి. ఈ జన సైన్యాన్నే మిలీషియా అంటారు. అంతకుముందు షెరీఫ్‌లు చూసిన ఈ పనిని రాజు తనకు నమ్మకస్తులైన పెద్ద జమీందార్లకు అప్పగించారు. వాళ్లే లెఫ్టినెంట్లు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో స్పెయిన్‌తో యుద్ధం ముంచుకురావడంతో 1585 నుంచి దాదాపు అన్ని కౌంటీల్లోనూ వీళ్లు కనిపిస్తారు. లెస్టర్‌షైర్‌లో ఆ బాధ్యత హంటింగ్‌డన్ ఎర్ల్‌లది, అంటే హేస్టింగ్స్ కుటుంబానిది.

ఒకే కౌంటీకి ఇద్దరు పెద్దలు!

సైన్యం ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్లదే కదా! అందుకే 1642లో అసలు గొడవ ఇక్కడే మొదలైంది. రాజు మొదటి చార్లెస్‌కు, పార్లమెంటుకు మధ్య నమ్మకం పూర్తిగా పోయింది. రాజు ఆమోదం లేకుండానే పార్లమెంటు మార్చిలో మిలీషియా ఆర్డినెన్స్ తెచ్చి, లార్డ్ లెఫ్టినెంట్లను తానే నియమించింది. రాజు ఊరుకోలేదు. పాత చట్టాన్ని బయటకు తీసి తన మనుషులకు వేరే ఉత్తర్వులిచ్చారు.

ఫలితం? లెస్టర్‌షైర్‌లో పార్లమెంటు తరఫున స్టాంఫర్డ్ ఎర్ల్ హెన్రీ గ్రే, రాజు తరఫున హెన్రీ హేస్టింగ్స్. ఇద్దరూ ఆ జనాన్నే రమ్మంటున్నారు. ఇద్దరి కన్నూ కౌంటీ ఆయుధాల మీదే. మామూలు రైతు ఎవరి మాట వినాలి? ఎవరి వైపు వెళ్లినా రెండో వాళ్ల దృష్టిలో ద్రోహే!

ఆ ఆగస్టులోనే పక్కనున్న నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధ పతాకం ఎగరేశారు. అంతర్యుద్ధం మొదలైంది. 1645 మే చివర్లో రాజు సేనలు లెస్టర్ పట్టణంపై పడి దోచుకున్నాయి. రెండు వారాలకే నేస్‌బీ యుద్ధంలో రాజు ఓడిపోయారు. తర్వాత 1660లో రాజరికం తిరిగొచ్చింది. వెంటనే చేసిన చట్టాలతో మిలీషియా, దాంతోపాటు లార్డ్ లెఫ్టినెంట్ల నియామకం మళ్లీ రాజు చేతికే వెళ్లాయి.

డ్యూక్ గారి 58 ఏళ్లు

ఆ తర్వాత ఈ పదవి పెద్ద కుటుంబాల ఆస్తిలా మారింది. రట్లండ్ ఐదో డ్యూక్ జాన్ మ్యానర్స్ 1799లో, 21 ఏళ్ల వయసులో లెస్టర్‌షైర్ లార్డ్ లెఫ్టినెంట్ అయ్యారు. 1857లో చనిపోయేదాకా ఆయనే! తర్వాత ఆయన కొడుకు ఆరో డ్యూక్ 1888 వరకు కొనసాగారు. తండ్రీకొడుకులు కలిపి దాదాపు 90 ఏళ్లు.

కానీ ఆలోపే అధికారం చేజారింది. 1871లో ప్రభుత్వం సైన్యాన్ని సంస్కరిస్తూ మిలీషియాను లార్డ్ లెఫ్టినెంట్ల నుంచి తీసేసుకుంది. అవసరమైతే జనాన్ని యుద్ధానికి పిలిచే చివరి హక్కు కూడా 1921లో పోయింది.

మరి ఇప్పుడేం చేస్తారు?

మన గవర్నర్ లాంటి పదవి అనుకుంటే పొరపాటే. గవర్నర్ సంతకం లేనిదే బిల్లు చట్టం కాదు. లార్డ్ లెఫ్టినెంట్‌కు చట్టాలతో సంబంధమే లేదు. ప్రధాని సలహాతో రాజు నియమిస్తారు. జీతం ఉండదు. 75 ఏళ్లకు తప్పుకోవాలి. రాజకీయాలకు దూరంగా ఉండాలి. రాజకుటుంబీకులు కౌంటీకి వస్తే స్వాగతం పలకడం, రాజు తరఫున కొన్ని పతకాలు, అవార్డులు అందించడం, స్వచ్ఛంద సంస్థలకు, రిజర్వ్ సైనిక దళాలకు అండగా నిలవడం.. ఇవీ పనులు. పాత రోజుల గుర్తుగా మిగిలింది సైనికాధికారి లాంటి యూనిఫాం, నడుముకు కత్తి.

డ్యూక్‌ల కుర్చీలో కపూర్

అధికారం పోవడంతో ఓ మేలు కూడా జరిగింది. ఈ కుర్చీ కోసం కొట్టుకోవాల్సిన పని లేకుండా పోయింది, జమీందార్లు కానివాళ్లకూ తలుపులు తెరుచుకున్నాయి. 1975లో వెస్ట్ ససెక్స్‌లో నార్‌ఫోక్ డచెస్ లవీనియా తొలి మహిళా లార్డ్ లెఫ్టినెంట్ అయ్యారు. 2015లో గ్రేటర్ లండన్‌కు తొలి నల్లజాతి లార్డ్ లెఫ్టినెంట్‌గా కెన్ ఒలీసా వచ్చారు.

ఇక లెస్టర్‌షైర్‌లో 2003 నుంచి 15 ఏళ్లు లేడీ గ్రెటన్ ఉన్నారు. 2018లో ఆ స్థానంలోకి వచ్చింది భారతీయ మూలాలున్న వ్యాపారవేత్త మైక్ కపూర్. 2021 జనాభా లెక్కల ప్రకారం లెస్టర్ నగరంలో ఆసియా మూలాలున్నవాళ్లు దాదాపు 43 శాతం. అలాంటి చోట రాజు ప్రతినిధిగా ఎవరు నిలబడ్డారన్నది చిన్న విషయం కాదు. 1642లో ఆ స్థానంలో ఉన్నవాళ్లు జనాన్ని యుద్ధానికి పిలిచారు. ఇప్పుడు ఆ స్థానంలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఒక్కటే.. ఎక్కడి నుంచి వచ్చినవాళ్లకైనా ఈ కౌంటీ మీది కూడా అని రాజు తరఫున చెప్పడం.