గుంతలో పడిన చక్రం

వాననీళ్లు నిలిచిన గుంత లోతు పైకి తెలియదు. అరడుగు లోతున్నా అరచెయ్యి లోతున్నా పైన కనిపించేది ఒకటే నీళ్లు. కారు ముందు చక్రం అందులోకి దిగి అవతలి అంచుకు కొట్టుకున్నప్పుడు టైరు ఆ ఒక్కచోట పూర్తిగా అణిగిపోతుంది. ఒకవైపు తారు అంచు, మరోవైపు రిమ్ము అంచు, నడుమ సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం. రోకటి కింద గింజలా అది నలుగుతుంది. గుంత ఒక్కటే కాదు, రంగు వేయని స్పీడ్‌ బ్రేకరూ, మూత లేని మ్యాన్‌హోలూ, చెడిపోయిన లారీ చక్రాల కింద పెట్టి డ్రైవరు అక్కడే వదిలేసి పోయిన బండరాయీ ఇదే పని చేస్తాయి.

దెబ్బ ఎంత గట్టిదన్నది ముందుగా వేగాన్ని బట్టి ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల నుంచి 60కి పెరిగితే కారు గమనంలోని శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లవుతుంది. గుంత తప్పదని తెలిశాక చాలామంది చివరిదాకా బ్రేకు తొక్కిపెడతారు. అప్పుడు కారు బరువు ముందుకు ఒరిగి, ముందు సస్పెన్షన్ అప్పటికే కుంగి ఉంటుంది. దెబ్బను మింగడానికి దానికి చోటు మిగలదు. వేగం ముందే తగ్గించుకుని, చక్రం దిగే క్షణానికి బ్రేకు మీద కాలు తీసేయడం మేలు. స్టీరింగ్‌ను ఒక్కసారిగా తిప్పితే కారు పక్కన వస్తున్న బైకు మీదికి పోతుంది. చక్రం కంటే మనిషి ముఖ్యం.

రెండోది టైరు ఎత్తు. టైరు మీద 205/55 ఆర్ 16 అని ఉంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో 55 శాతం, అంటే దాదాపు 113 మిల్లీమీటర్లు. 165/80 ఆర్ 14 టైరుకు అదే ఎత్తు 132. చూపులకు బాగుంటుందని పెద్ద రిమ్ము, పలచని టైరు వేయించుకున్న కారుకు గతుకుల రోడ్డు మీద రక్షణ తగ్గుతుంది. గాలి తక్కువగా ఉన్న టైరు మరీ తేలిగ్గా అణుగుతుంది.

మూడోది రిమ్ము లోహం. స్టీలు రిమ్ము సొట్టపడుతుంది, వంగుతుంది, చాలావరకు తిరిగి సరిచేయవచ్చు. అల్యూమినియానికి సిలికాన్, మెగ్నీషియం కలిపి పోతపోసిన అల్లాయ్ రిమ్ము గట్టి దెబ్బకు పగులుతుంది. ఆ పగులు చాలాసార్లు రిమ్ము లోపలి అంచున ఉంటుంది. కారు పక్కన నిలబడి చూసేవారికి మెరుస్తున్న బయటి ముఖమే కనిపిస్తుంది, గాయం ఇంజను వైపు దాగి ఉంటుంది. అందుకే ‘బండి నడుస్తోంది కదా’ అని వదిలేయడం ప్రమాదం.

దెబ్బ తగిలాక స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని, మెల్లగా వేగం తగ్గిస్తూ ఎడమకు వచ్చి, గట్టి నేల చూసి ఆపాలి. గాలి పోయిన టైరు మీద అర కిలోమీటరు లాగినా సైడ్‌వాల్ లోపలివైపు రబ్బరు పొడిపొడిగా రాలిపోవచ్చు. పంక్చరుతో పోయేది కొత్త టైరు దాకా వస్తుంది. స్టెప్నీ బిగించేటప్పుడు, జాకీతో ఎత్తకముందే నట్లు సగం చుట్టు వదులు చేసుకోవాలి. చక్రం గాల్లోకి లేచాక పానా తిప్పితే నట్టు బదులు చక్రం తిరుగుతుంది. బిగించడం ఎదురెదురు నట్ల వరుసలో సాగాలి. కారు దించాక చివరి బిగువు ఇచ్చి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

స్టెప్నీ అన్న మాట వేల్స్‌లోని లనెల్లీ పట్టణం నుంచి వచ్చింది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు అదనపు చక్రం తయారుచేసి అమ్మారు. అప్పటి కార్లకు అది ఉండేది కాదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే సెన్సర్లు, రిపేరు కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదని మన దేశంలో 2020లో నిబంధన సడలించారు. అయితే రిపేరు కిట్టు రోడ్డుకు తగిలే ట్రెడ్‌లోని చిన్న రంధ్రానికే పనికొస్తుంది, చిరిగిన సైడ్‌వాల్‌కు కాదు. సన్నని తాత్కాలిక స్టెప్నీ ఇచ్చిన కార్లూ ఉన్నాయి. దాని మీద సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల పరిమితి రాసి ఉంటుంది.

షాపులో చక్రాన్ని విప్పించి రెండువైపులా చూడాలి. టైరు లోపల ఒక అంచు నుంచి మరో అంచుకు సన్నని దారాలు పరుచుకుని ఉంటాయి. గాలి ఒత్తిడిని మోసేది అవే. నలిగినచోట దారాలు తెగితే రబ్బరు ఒక్కటే మిగిలి, నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. కొన్నిసార్లు అది వెంటనే కాక కొన్నాళ్లకు బయటపడుతుంది. దానికి మందు లేదు. ప్యాచ్ వేసినా, ప్లగ్ పెట్టినా తెగిన దారాలు అతకవు. బుడిపె లేచిన టైరుతో హైవే ఎక్కకూడదు, ఒక్క రోజు కోసమైనా. ఎండలో, వేగంలో, నిండు బరువుతో అది పేలడానికి ముందు ఏ హెచ్చరికా ఇవ్వకపోవచ్చు.

టైరు బాగుండి రెండు మూడు రోజులకోసారి గాలి దిగిపోతుంటే రిమ్ము అంచును అనుమానించాలి. సబ్బు నీళ్లు పోస్తే వంకర ఉన్నచోట బుడగలు లేస్తాయి. బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పితే వంకర ఊగులాటగా కనిపిస్తుంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగినా, తిన్నగా పోయేటప్పుడు సెంటర్ తప్పి ఉన్నా అలైన్‌మెంట్‌తో పాటు టై రాడ్, లోయర్ ఆర్మ్, బేరింగ్ కూడా చూడమని అడగాలి. వంగిన భాగాన్ని మార్చకుండా అలైన్‌మెంట్ ఒక్కటే చేయిస్తే టైరు ఒక పక్క అరిగిపోతుంది.

బెండు తీసే షాపుల్లో అల్లాయ్‌కి గ్యాస్ మంట పెట్టడం మామూలే. కానీ చాలా అల్లాయ్ రిమ్ములను పోత పోశాక వేడి చేసి, నీళ్లలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో ఉంచి తయారుచేస్తారు. వాటి బలంలో చాలా భాగం ఆ వరుసలోనే వస్తుంది. తర్వాత మంట తగిలినచోట ఆ బలం తగ్గుతుంది. అంచున చిన్న వంకరైతే ప్రెస్‌తో సరిచేయించవచ్చు. పగులుకు వెల్డింగ్ పెట్టించడం కంటే రిమ్ము మార్చడమే సరైన ఖర్చు.

బీమా దగ్గర చాలామంది నిరాశపడతారు. మామూలు ప్యాకేజీ పాలసీలో టైరు ఒక్కటే పోతే పరిహారం ఉండదు. అదే ప్రమాదంలో కారుకూ నష్టం జరిగితేనే టైరుకు ఇస్తారు, అదీ కొత్త టైరు ధరలో సగం దాకా. టైర్లకు విడిగా యాడ్-ఆన్ కవర్లు ఉన్నాయి. చిన్న నష్టానికి క్లెయిము పెడితే 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ పోవచ్చు కాబట్టి ముందు లెక్క వేసుకోవాలి. పెట్టదలిస్తే చక్రం, గుంత రెండూ పడేలా అక్కడే ఫొటోలు తీసి, సర్వేయరు చూసేదాకా రిపేరు చేయించకూడదు. గుంత గురించి ఫిర్యాదూ చేయాలి. జాతీయ రహదారి మీదైతే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె చెబితే గుంత ఎక్కడుందో రహదారి సిబ్బందికి తెలుస్తుంది.