సుహైల్ పొడిచాక: ఎమిరేట్స్ ఎడారిలో ఆరుబయలు సేంద్రియ సాగు

‘పంటకాలం తక్కువ’ అన్న మాట వినగానే మనసుకు తట్టేవి ఫిన్లాండ్, కెనడా వంటి శీతల దేశాలు. అక్కడ వసంతంలో కురిసే ఆఖరి మంచుకూ, శరత్తులో కురిసే తొలి మంచుకూ నడుమనున్న రోజులే రైతుకు దక్కిన గడువు. ఏడాది పొడుగునా ఎండ కాసే యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌ను ఆ జాబితాలో చేర్చాలని సాధారణంగా ఎవరికీ తోచదు. కాని ఆరుబయట, రసాయనాల జోలికి పోకుండా, కూరగాయలో గోధుమలో పండించదలచినవారికి దుబాయి, అల్ ఐన్, రస్ అల్ ఖైమాలలో కూడా పంటకాలం పొట్టిదే. ఉత్తరాన పొలం తలుపులు మంచు మూస్తుంది. ఇక్కడ ఆ పని వేడి చేస్తుంది. ఆ మూసిన తలుపుల్ని బలవంతంగా తెరవాలని చూసినప్పుడల్లా మూల్యం చెల్లించినది భూగర్భజలం. ఎమిరేట్స్ వ్యవసాయ చరిత్రలో ముఖ్యమైన కథ ఇదే.

రోజుల లెక్క

దుబాయిలో జనవరి నెల సగటు పగటి ఉష్ణోగ్రత 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. మార్చికి అది 28 దాటి, ఏప్రిల్‌లో 33కు, మేలో 38కు, జులైలో 41కి చేరుతుంది. వాన ఏడాదికి సుమారు వంద మిల్లీమీటర్లే, అదీ చాలావరకు చలికాలంలోనే. టమాటా పిందె కట్టడానికి రాత్రి వేడిమి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండటం శ్రేష్ఠం. పగలు 35 దాటి, రాత్రి 24కు తగ్గకపోతే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది. గోధుమ పాలుపోసుకునే దశలో 30 డిగ్రీలు మించితే గింజ నొక్కులు పడుతుంది. ఈ హద్దులను నెలల పట్టిక మీద గీసి చూస్తే, టమాటా, వంగ వంటివాటికి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఆరేడు నెలలు మిగులుతాయి. గోధుమ, క్యారెట్, పాలకూరల వంటివాటికి నవంబరు నుంచి మార్చి దాకా అయిదు నెలలే. దక్షిణ ఫిన్లాండ్ రైతుకు దొరికే కాలం కూడా అటూ ఇటూగా ఇంతే.

సమస్య ఒకటే అయినప్పుడు ఉపాయాలూ పోలుతాయి. ఉత్తరదేశపు రైతు మంచు కరగకముందే నారును ఇంట్లో వెచ్చగా పెంచుతాడు. ఎమిరేట్స్ రైతు వేడి తగ్గకముందే, ఆగస్టు చివర, షేడ్ నెట్ కింద నారు పోస్తాడు. నేల వెచ్చబడటానికి అతను నల్లటి ప్లాస్టిక్ పరిస్తే, నేల చల్లబడటానికి ఇతను ఖర్జూరపు మట్టలు పరుస్తాడు. త్వరగా కాపుకొచ్చే రకాల కోసం మాత్రం ఇద్దరూ ఒకేలా వెతుకుతారు. అక్కడ మంచు పురుగులను, కలుపును అణచివేసినట్టే ఇక్కడ వేసవి కూడా రైతుకు సాయం చేస్తుంది. ఖాళీ మడిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి నాలుగైదు వారాలు ఎండకు వదిలేస్తే నులిపురుగులు, శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. రసాయనాలు వాడని రైతుకు ఇది పెద్ద ఆయుధం. తెలుగు నేలల్లో వేసవి దుక్కుల వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే.

అగస్త్యుడు, సుహైల్

నారు ఎప్పుడు పోయాలో చెప్పడానికి ఎమిరేట్స్ ప్రజలకు ఉష్ణమాపకాలు రాకముందే ఒక నక్షత్రం ఉండేది. ఆగస్టు 24 ప్రాంతంలో, తెల్లవారుజామున, దక్షిణ దిగంతం మీద సుహైల్ కనబడుతుంది. మన సంప్రదాయంలో దీని పేరు అగస్త్య నక్షత్రం. అగస్త్యోదయంతో వానకాలపు బురదనీళ్ళు తేటపడతాయని మన కవులు చెప్పుకుంటే, సుహైల్ రాకతో రాత్రులు చల్లబడటం మొదలవుతుందని గల్ఫ్ తీరవాసులు చెప్పుకుంటారు. దక్షిణాకాశానికి చెందిన ఈ నక్షత్రం సుమారు 37 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటితే కనిపించదు. కాబట్టి మంచుతో పోరాడే ఉత్తరదేశపు రైతులకు ఈ సూచన ఎన్నడూ అందలేదు.

సుహైల్‌తో మొదలయ్యే స్థానిక పంచాంగాన్ని దురూర్ అంటారు. ఇందులో ఏడాదిని పదేసి రోజుల భాగాలుగా విడగొడతారు. ఒక్కో భాగం ఒక దర్. ముప్ఫయ్యారు దర్‌లు పోగా మిగిలిన అయిదు రోజులను విడిగా లెక్కిస్తారు. ఈ దర్‌లను మళ్ళీ మూడు ‘వందలు’గా, ఒక ‘అరవై’గా కూరుస్తారు. మొదటి వంద వేడి దిగే కాలం, రెండవది చలికాలం, మూడవది వేడి ఎక్కే కాలం. చివరి అరవై రోజులు నడివేసవి. సముద్రం మీదికి పోవడం, ఒంటెలను తోలుకుపోవడం, ఖర్జూరపు పనులు, అన్నీ ఈ లెక్కతోనే సాగేవి.

తెలుగు రైతుకు ఈ పద్ధతి పరాయిదిగా తోచదు. సూర్యుడు ఇరవై ఏడు నక్షత్రాలను దాటే క్రమంలో పదమూడు, పద్నాలుగు రోజులకొక కార్తె చొప్పున మన సేద్యపు లెక్క నడిచింది. మృగశిరలో విత్తాలని, రోహిణిలో రోళ్ళు పగులుతాయని చెప్పడం ఆ లెక్కలో భాగమే. చంద్రమానంలో నడిచే ఇస్లామీయ సంవత్సరం ఋతువులతో పాటు నిలవదు కనుక అక్కడి సేద్యానికి దురూర్ అవసరమైనట్టే, చాంద్రమాసాల తిథులు ఏటా ముందువెనకలవుతాయి కనుక ఇక్కడి సేద్యానికి సౌరమైన కార్తెలు అవసరమయ్యాయి. సుహైల్ కనబడే రోజులు మన మఖ కార్తెలో పడతాయి. అప్పుడు నారు నీడలోనే ఉండాలి. నక్షత్రం పొడిచింది కదా అని ఆ రోజుల్లోనే ఎండలో విత్తినవాడి మొక్కల బతుకు మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టే.

పగటి నిడివి: గంజాయి, గోంగూర

వేడితో పాటు మరొక గడియారం కూడా మొక్కలలో పనిచేస్తుంది. కొన్ని జాతులు పగలు ఒక నిడివికి తగ్గితేనే పూతకు వస్తాయి. వీటిని హ్రస్వదిన మొక్కలంటారు. గంజాయి జాతి ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఉత్తరాన వేసవి పగళ్ళు చాలా పొడవు. హెల్సింకీలో జూన్ పగలు దాదాపు పందొమ్మిది గంటలు. అక్కడ నార, గింజల కోసం ఈ జాతిని పెంచే రైతు, పగలు తగ్గి మొక్క పూతకు వచ్చేసరికి మంచు ముంచుకొస్తుందని భయపడతాడు. అందుకే 1990లలో ఫిన్లాండ్‌లో రూపొందించిన ఫినోలా వంటి రకాలు పగటి నిడివి కోసం ఎదురుచూడకుండా, వయసును బట్టి పూస్తాయి. మాదకద్రవ్యంగా గంజాయి సాగు ఎమిరేట్స్‌లో తీవ్రమైన నేరం. కాని అదే గడియారం ఉన్న మరో మొక్క అక్కడి తెలుగువారి పెరళ్ళలోనూ, బాల్కనీ కుండీలలోనూ పెరుగుతోంది. అది గోంగూర.

గోంగూరగా మనం వండుకునే మందార జాతి మొక్కలలో ఒకదాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. చీలికలున్న దాని ఆకు గంజాయి ఆకును పోలి ఉండటమే ఆ పేరుకు కారణం. వృక్షశాస్త్రంలో రెండింటికీ బంధుత్వం లేదు, పోలిక ఆకుది మాత్రమే. అయితే గోంగూర కూడా హ్రస్వదిన మొక్కే. పగలు పన్నెండున్నర గంటల కంటే తగ్గితే అది ఆకు మానుకొని పూతకు దిగుతుంది. దుబాయిలో డిసెంబరు పగలు పదిన్నర గంటలు, జూన్ పగలు పదమూడున్నర గంటల పైచిలుకు. కాబట్టి టమాటాతో పాటు అక్టోబరులో గోంగూర విత్తితే, వాతావరణం ఎంత హాయిగా ఉన్నా, మొక్క జానెడు ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది. దానికి సరైన అదను ఫిబ్రవరి చివర, మార్చి మొదలు. పగలు పెరుగుతుంటుంది, వేడి ఇంకా మితిమీరదు. వేడిని బాగా ఓర్చుకునే మొక్క గనుక కాస్త నీడ ఇస్తే మిగతా కూరల కాలం ముగిశాక కూడా ఆకు ఇస్తుంది. ఎమిరేట్స్‌లో ‘పంటకాలం’ అనేది అన్ని మొక్కలకూ ఒకటే కొలత కాదని ఈ చిన్న ఉదాహరణ తెలియజేస్తుంది.

ఇసుక మట్టి కావడం

సేంద్రియ సాగుకు మూలధనం నేలలోని జీవపదార్థం. ఎడారి ఇసుకలో అది ఒక శాతం కూడా ఉండదు. సున్నం ఎక్కువ, క్షారగుణం ఎక్కువ. అందువల్ల ఇనుము, జింకు, భాస్వరం నేలలో ఉన్నా వేళ్ళకు అందవు. పశువుల ఎరువు వేసినా వేడికి త్వరగా కరిగిపోతుంది. కంపోస్టు కుప్ప కుళ్ళడానికి బదులు ఎండిపోతుంది కనుక దానిని గుంటలో వేసి, కప్పి, తడుపుతూ ఉండాలి. పైగా పశువుల ఎరువులోనూ ఉప్పు ఉంటుంది. కాబట్టి ఇక్కడ నేలను కట్టుకోవడం ఒక్క ఏటితో అయ్యే పని కాదు. ఏటేటా వేస్తూ పోవలసిందే.

దీనికి ప్రాచీనమైన పరిష్కారం ఒయాసిస్సులో కనిపిస్తుంది. అల్ ఐన్ ఒయాసిస్సులో సుమారు 1,47,000 ఖర్జూరపు చెట్లున్నాయి. పైన ఖర్జూరం గొడుగు పడితే, దాని నీడన నిమ్మ, దానిమ్మ, మామిడి, వాటి కింద పశువుల కోసం లూసర్న్ పెరుగుతాయి. లూసర్న్ వేళ్ళు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి, పశువుల పేడ తిరిగి మడికి చేరుతుంది. ఈ అంతస్తుల సేద్యానికి నీరు అందించినది ఫలజ్. కొండపాదాల భూగర్భజలాన్ని సొరంగపు కాలువ ద్వారా, కేవలం వాలు ఆధారంగా, తోటలకు చేర్చే పద్ధతి ఇది. అల్ ఐన్ సమీపంలోని హీలీలో మూడువేల ఏళ్ళనాటి ఫలజ్ అవశేషాలు బయటపడ్డాయి. 1946లో అల్ ఐన్ ప్రాంత పాలనకు వచ్చిన షేక్ జాయెద్ మొదట చేపట్టిన పనులలో పూడిపోయిన ఫలజ్‌ల మరమ్మతు ఒకటి. 2011లో అల్ ఐన్ సాంస్కృతిక స్థలాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒయాసిస్సుకు కొత్త శత్రువులూ వచ్చాయి. 1985లో రస్ అల్ ఖైమాలో కనబడిన ఎర్రముక్కు పురుగు దక్షిణాసియా నుంచి వెళ్ళినది. కోనసీమ కొబ్బరి రైతులకు చిరపరిచితం. మానులోపల తొలుచుకుపోయే ఈ పురుగును లింగాకర్షక ఎరలతో పట్టడం సేంద్రియ తోటలకు అందుబాటులో ఉన్న ముఖ్యమైన పద్ధతులలో ఒకటి.

నీటి పద్దు

ఫలజ్‌కు ఒక సహజమైన నిగ్రహం ఉంది. భూమి ఇచ్చినంతే పారుతుంది. డీజిలు, కరెంటు పంపులు ఆ నిగ్రహాన్ని తొలగించాయి. చమురు ఆదాయంతో, సబ్సిడీలతో తోటలు, గడ్డిభూములు విస్తరించాయి. వాటిలో రోడ్స్ గడ్డి ఏడాది పొడుగునా కోతకు వచ్చే పశుగ్రాసం. నడివేసవిలో సైతం దానికి నీరు కావాలి. వేల ఏళ్ళుగా నేలలో చేరిన నీరు కొద్ది దశాబ్దాలలో అడుగంటుతుండటంతో 2010లో అబూ ధాబీ ప్రభుత్వం ఆ గడ్డికి ఇచ్చే సబ్సిడీని నిలిపివేసింది. 2016లో అక్కడి భూగర్భజలాల వాడకాన్ని నియంత్రించే చట్టం వచ్చింది.

మట్టం తగ్గినకొద్దీ నీటిలో ఉప్పు పెరుగుతుంది. లీటరుకు మూడు గ్రాముల ఉప్పున్న నీటిని ఒక హెక్టారుకు ఒక పంటకాలంలో నాలుగువేల ఘనపు మీటర్లు పెడితే, ఆ నేలలోకి పన్నెండు టన్నుల ఉప్పు చేరినట్టు. దానిని కడగడానికి వాన లేదు. మళ్ళీ నీరే కావాలి. వేసవిలో అదే పంటకు నీటి అవసరం చలికాలపు అవసరం కంటే ఎన్నో రెట్లు కనుక, ఉప్పూ అదే నిష్పత్తిలో చేరుతుంది. ఋతువును పాటించడం ఇక్కడ రుచి కోసమో, సంప్రదాయం కోసమో చేసే పని కాదు. నేల బతకడానికి అది షరతు. 1999లో దుబాయిలో నెలకొన్న అంతర్జాతీయ బయోసెలైన్ వ్యవసాయ కేంద్రం కినోవా, సాలికోర్నియా వంటి ఉప్పును ఓర్చే పంటల మీద పరిశోధిస్తున్నది ఈ కారణం చేతనే.

షార్జాలోని మ్లేహాలో 2022 చివర నాలుగువందల హెక్టార్లలో మొదలైన గోధుమ క్షేత్రం ఈ నేపథ్యంలో గమనించదగినది. పురుగుమందులు లేకుండా, ఉప్పు తీసిన నీటితో, సెంటర్ పివట్ యంత్రాలతో తడిపే పొలం అది. నవంబరులో విత్తి మార్చిలో కోస్తారు. అంటే ఋతువు హద్దును పాటించింది. కాని నీటి హద్దును ఇంధనంతో దాటింది. సముద్రపు నీటిలో ఉప్పు తీయడానికి ఖర్చయ్యే శక్తిని ఆ గింజ ధరలో కలిపి చూడక తప్పదు. ఆహారంలో చాలా భాగం దిగుమతి చేసుకునే దేశం ఆ ఖర్చును భద్రతకు చెల్లించే వెలగా భావిస్తున్నది.

ఈ హద్దు మనుషులకూ వర్తిస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించడాన్ని చట్టం నిషేధించింది. ఉత్తర తెలంగాణ, రాయలసీమ, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళిన కూలీలకు ఆ రెండున్నర గంటల విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఆ నెలల్లోనే ఒక్క పంట మాత్రం పక్వానికి వస్తుంది. వేడి ఎంత ముదిరితే ఖర్జూరం అంత తియ్యబడుతుంది. లివాలో ఖర్జూర ఉత్సవం జరిగేది జులైలో, దురూర్ లెక్కలో ఆఖరి అరవై రోజులు నడుస్తున్నప్పుడు. గెలలు దిగి, మట్టలు ఎండి, వాటిని కూర మడులలో పరచడానికి పోగుచేసే సమయానికి సుహైల్ మళ్ళీ దక్షిణాన కనబడుతుంది.