విడిభాగముల కంప్యూటరు

చీర కొనునప్పుడు పోగు చూతుము, అంచు చూతుము, రంగు నిలుచునా యని పదిమారు లడుగుదుము. అంతకు పదింతల వెలగల కంప్యూటరును కొనునప్పుడు మాత్రము సొమ్ము కూడబెట్టుటయే మన వంతనియు, ఎన్నుట మగవారి పనియనియు నూరకుందుము. మేమును అట్లే యుండి నష్టపోతిమి.

2022లో, అబ్బాయి చదువునకును, మావారి ప్రశ్నపత్రముల కూర్పునకును, రెండేండ్లు దాచిన సొమ్ముతో భాగములు విడిగా కొంటిమి. అంగడివాడు వ్రాసియిచ్చిన పట్టీలో ప్రాసెసరు ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్. చివర 'ఎఫ్' లేని దానికంటె ఇది చౌక. ఒక్క యక్షరమునకు వెల యేల తగ్గెనో మే మడుగలేదు. ఇంటికి తెచ్చి మీట నొక్కగా పంకా తిరిగెను, దీపము వెలిగెను; తెర మాత్రము నల్లగానే యుండెను. ఆ యక్షరముగల ప్రాసెసరులో చిత్రమును తెరకు పంపు భాగము పనిచేయదనియు, దానికి గ్రాఫిక్సు కార్డు వేఱుగా కొనక తప్పదనియు పిమ్మట తెలిసినది. విప్పిన పెట్టెను తిరిగి తీసికొనజాలనని యంగడివాడు చెప్పెను. మిగిలినదనుకొన్న సొమ్మునకు ఎన్నో రెట్లు ఆ కార్డునకు పోయినది. ఆ నెల పాలబాకీ నిలిచినది.

ఆటలకు గాక చదువునకు, వ్రాతకు, పాఠములు వినుటకు ప్రాసెసరులోని చిత్రభాగమే చాలును. ఇంటెల్‌వారిదైనచో పేరు చివర ఎఫ్ లేనిది, ఏఎండీవారిదైనచో రైజెన్ 5 5600జి వంటిది అడుగవలెను.

చౌకకు పోరానిది పవర్ సప్లయి. రంగుదీపముల పెట్టెకు మురిసి దీనిలో తగ్గించుకొనువారు పెక్కుమంది. దీనిపై '80 ప్లస్' గుర్తుండవలెను: గోడనుండి తీసికొన్న విద్యుత్తులో నూటికి 80 వంతులకు తక్కువ గాకుండ లోపలికి చేరునని దాని భావము. అది పొదుపునకు గుర్తేకాని మన్నికకు హామీ గాదు. కావున వారంటీ యెన్నేండ్లో కూడ నడుగుడు. కార్డు లేని యంత్రమునకు 450 వాట్లు ధారాళము. 750 వాట్లది అంటగట్టినచో వలదనుడు.

మెమరీ 16 జీబీ యొక్క ముక్కగా గాక 8 జీబీ ముక్కలు రెండుగా కొన్నచో ప్రాసెసరు రెండు దారుల నందుకొనును. చిత్రభాగము వాడుకొనునదియు నీ మెమరీయే గనుక భేదము కన్నులకే తెలియును. 2025 చివర మెమరీ వెలలు మిక్కిలి పెరిగినవి. నాలుగు గాడులుగల మదర్‌బోర్డు కొని రెండు గాడులు ఖాళీగా నుంచుట మేలు.

ఇంట పాత యంత్రమున్నచో తొందరపడి పాఱవేయకుడు. హార్డుడిస్కు స్థానమున ఎస్‌ఎస్‌డీ వేసినచో దాని వేగము మీకే నమ్మశక్యము గాదు. విండోస్ 10నకు ఉచితమైన సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందటి ప్రాసెసర్లను విండోస్ 11 అంగీకరింపదు. అట్టి వానికి వెలలేని లినక్సు కలదు.

సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరువంటి చోట అంగళ్లు పక్కపక్కనే యుండును. ఒకే పట్టీని మూడంగళ్లలో చూపి వెల వ్రాయించుకొనుడు. బిల్లు లేకున్న 18 శాతము పన్ను తగ్గునని యాశ చూపుదురు, లొంగరాదు. ప్రతి భాగమునకును వారంటీ వేఱువేఱు గనుక బిల్లుపై ఒక్కొక్కదాని సంఖ్యను వ్రాయించి, పెట్టెలను అటుకమీద భద్రపఱచుడు. మా పవర్ సప్లయి మూడవయేట చెడినప్పుడు ఆ కాగితము చూపియే క్రొత్తది తెచ్చుకొంటిమి.