లారీ ఎంత వేగంగా వచ్చింది?

ఒక ఊరి సెంటరులో ఇలా జరిగిందనుకోండి. ఒక కూలి మనిషి పనికి పోతూ రోడ్డు దాటుతోంది. లారీ వచ్చి గుద్దింది. ఆమె కాలు విరిగింది.

"నేను మెల్లగానే వచ్చాను. ముప్పై దాటలేదు. ఆమే అడ్డం వచ్చింది" అన్నాడు డ్రైవరు.

"కాదు, గాలిలా దూసుకొచ్చాడు" అన్నారు చూసినవాళ్లు.

ఎవరి మాట నిజం? కంటితో చూసి వేగం చెప్పడం కష్టం. కానీ ఎదుటి కొట్టుకు కెమెరా ఉంది. అందులో లారీ బొమ్మ పడింది. ఆ బొమ్మ కూడా ఒక సాక్షే.

వేగం తెలియాలంటే రెండు సంగతులు కావాలి. బండి ఎంత దూరం పోయింది? ఎంతసేపట్లో పోయింది?

ముందు సమయం చూద్దాం. వీడియో అంటే వరసగా తీసిన ఫొటోలు. చాలా కెమెరాలు సెకనుకు 25 ఫొటోలు తీస్తాయి. కొన్ని తక్కువ తీస్తాయి, కొన్ని ఎక్కువ తీస్తాయి. అది మొదట సరిచూడాలి.

ఇక దూరం. వీడియోలో రోడ్డు మీద రెండు గుర్తులు కనబడ్డాయి. ఒకటి తెల్లగీత, ఒకటి తారు అతుకు. తెర మీద దూరం కొలవకూడదు. దూరాన ఉన్నది చిన్నగా కనబడుతుంది కదా! అందుకే రోడ్డు దగ్గరకే వెళ్లి టేపుతో కొలుస్తారు.

ఇప్పుడు లెక్క చూడండి. గుర్తుల మధ్య 40 మీటర్లు ఉంది. లారీ ముందు చక్రం ఆ దూరం దాటేసరికి 50 ఫొటోలు గడిచాయి. అంటే 2 సెకన్లు. సెకనుకు 20 మీటర్లు పోయింది. గంటకు 3,600 సెకన్లు. 20ని 3,600తో హెచ్చవేస్తే 72,000 మీటర్లు. అంటే గంటకు 72 కిలోమీటర్లు!

ఒక ఫొటో అటూ ఇటూ కావచ్చు. అందుకే 70కీ 74కీ మధ్య అని చెబుతారు. ఎలా చూసినా ముప్పై కాదు. నష్టపరిహారం కేసులో ఈ లెక్క ఎంతో అక్కరకొస్తుంది.

అయితే ఆలస్యం చేయకూడదు. రికార్డు పెట్టె నిండితే పాత వీడియో చెరిగిపోతుంది. దాని మీద కొత్తది ఎక్కుతుంది. తెరను సెల్‌ఫోనుతో తీస్తే చాలదు. ఫొటోల లెక్క తప్పవచ్చు. అసలు రికార్డే కావాలి. కోర్టులో పెట్టే కాపీకి సర్టిఫికెటు కూడా ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షను ఇదే చెబుతోంది.

దెబ్బ తిన్న ఆమె చెల్లెలు మర్నాడే పోలీసు స్టేషనుకు వెళ్లింది. "కొట్టు కెమెరాలోని వీడియో చెరిగిపోకముందే తీసుకోండి" అని అర్జీ ఇచ్చింది. అందినట్టు రసీదు అడిగి తీసుకుంది.

ఆ అర్జీ ఆమే రాసింది. కింద వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది.